ఆడోళ్ల తలుపు

కర్నూలు నుంచి ఆదోనికి పోయే దారిలో ఒక సినిమా హాలు ఉండేది. రెండో ఆట వదిలినాక దాని ఎడమపక్కకు మీసాలు మెలేసే మగోళ్లు కూడా పోయేవాళ్లు కాదు. ఆ పక్కనున్న ఆడోళ్ల తలుపును ఎవరో తడతారని... శానా మెల్లగా, ఆగి ఆగి తడతారని దానికి చెడ్డపేరు.

మా పెద్దోళ్లు చెప్పగా విన్నదిది.

మొదట్లో అది హాలు కాదు, డేరా. చుట్టూ గుడ్డ. ఆడోళ్ల వైపు మాత్రం రేకులు, రేకు తలుపు. ఆట మొదలు కాగానే గేటు సుంకప్ప ఆ తలుపుకు బయట తాళం వేసేవాడు — మగోళ్లు దూరకుండా. దూరే మగోణ్ణి పట్టుకునేదానికంటే ఆడోళ్లకు తాళం వెయ్యడం సులువు గదా.

ఒక ఎండాకాలం మిషను గదిలో రీలు అంటుకుంది. పైగుడ్డ భగ్గుమంది. ఆడోళ్లు దొరికిన సందులోంచి దూరి బయటపడినారు. హంపమ్మ కూతురు మహాదేవమ్మ ఒక్కతే తలుపు కాడికి ఉరికింది.

తాళంచెవి సుంకప్ప మొలతాడుకే ఉండాది. ఆయప్ప అప్పటికే రోడ్డెక్కినాడు. పిల్ల ఆ తలుపు కాడనే కాలిపోయింది.

"తట్టిందేమో సామీ," అని పోలీసులకు చెప్పినాడు. "గేటు కాడికి ఇనపడదు."

కర్నూలు రాజధాని అయినాక ఓనరు ఆ బూడిద మీదనే రాతి హాలు లేపినాడు. ముందర సిమెంటు తామరపువ్వు, రంగు బల్బులు, లోపల కుర్చీలు. రేకు పోయి, అదే చోట రెండంగుళాల టేకు తలుపు వచ్చింది. అన్నీ మారినాయి — గేటు ఉన్న చోటూ, గేటు కాడి మనిషీ తప్ప.

ఒక రాత్రి జనం వెళ్లిపోయినారు.

టక్... టక్...

మిషను నడిపే బొజ్జన్న సైకిలెక్కుతా నవ్వినాడు. "పో సుంకప్పా, దానికీ ఒక టికెట్టు చింపియ్యి. నెమ్మదిస్తాది."

"నీకూ ఇనపడిందా?"

"నాకు చెవుల్లేవా ఏంది?" అని చీకట్లో కలిసిపోయినాడు.

సుంకప్ప గేటు కాడనే నిలబడినాడు. మూడేండ్లుగా ఆ చప్పుడు వింటానే ఉండాడు... నిద్రలో, అన్నం కాడ. ఆ పొద్దు రేకు ఎట్ల మోగిందో ఆయప్పకు తెలుసు. విన్నాడు. విని ఉరికినాడు.

ఈ పొద్దన్నా తెరవాల.

లాంతరు పట్టుకొని గోడ వెంబడి పోయినాడు. తలుపు ముందర తెల్లచీర...

"మహాదేవీ... తెరుస్తాండా తల్లీ..."

చీర ఇటు తిరిగింది. హంపమ్మ. వేళ్ల కణుపులు వాచి ఎర్రగా ఉండాయి.

"ఏంటికి పెద్దమ్మా... ఈ పని..."

"చూస్తాండా నాయనా." ఆమె గొంతులో కోపం లేదు. "ఇన్ని దినాలూ తడతాండా. ఈ పొద్దు వస్తివి. గేటు కాడ్నించేనా?"

"ఊ."

"చప్పుడు ఇనే వస్తివా?"

సుంకప్ప లాంతరు కింద పెట్టినాడు.

"...ఊ."

హంపమ్మ ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది కట్టె నాయనా," అనింది. "అది రేకు."