వీపు మీద జంట మచ్చలు

"మా మరిది మా చెల్లెల్ని చంపేసేలా ఉన్నాడండీ!" అంటూ డిటెక్టివ్ మేడం ఆఫీసుకు వచ్చిన బేకరీ ఆవిడ, కూర్చోకముందే అసిస్టెంటు మణికట్టు పట్టుకుంది. అతను కెవ్వుమనబోయి తమాయించుకున్నాడు. ఏళ్ల తరబడి పిండి పిసికిన చేతులు మరి!

చెల్లెలికి క్యాన్సర్. కీమో నడుస్తోంది. ఈమధ్య వీపు మీద నల్లగా కమిలిన మచ్చలు తేలుతున్నాయి. అడిగితే ముఖం తిప్పుకుంటుంది.

"రోజూ మధ్యాహ్నం నేను వెళ్లబట్టి సరిపోయింది. ఇక దాన్ని మా ఇంటికి తెచ్చేసుకుంటా" అందావిడ.

చెల్లెలి ఇంటికి వెళ్లి ఆ మరిదిని చూడగానే అసిస్టెంటుకు ఒళ్లు మండింది. ముక్తసరి మనిషి. నున్నటి గచ్చు మీద ఒక్క కాళ్లపట్టా లేదు, అన్నీ చుట్టి మూలన పెట్టాడు. జారిపడి చావాలనే కాబోలు!

డిటెక్టివ్ మేడం మాత్రం చెల్లెలి వీపు చూసింది, జాకెట్టు మెడకు అంటిన నూనె మరక చూసింది.

"నొప్పులకు ఏమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేదండీ" అంది చెల్లెలు, మరీ తొందరగా.

ఆ రోజే ఆమెకు రక్తపరీక్ష చేయించి, మర్నాడు కీమో వార్డు నర్సును వెంటబెట్టుకుని వచ్చింది మేడం. అందరూ ముందుగదిలో చేరారు. అసిస్టెంటు మరిది పారిపోకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కోపంతో కొట్టే చేతికి కొలతలుండవు" అని మొదలుపెట్టింది మేడం. "ఈ మచ్చలు వెన్నుకు అటొకటి ఇటొకటి, ఒకే ఎడంలో, వరసగా దిగాయి. బొటనవేళ్లతో నొక్కిన గుర్తులివి. ఆ వేళ్ల బలం మావాడి మణికట్టుకు తెలుసు."

బేకరీ ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. "నేనా? ఒళ్లు నొప్పులంటే నూనె రాసి మర్దనా చేశాను. రక్తం గడ్డకట్టిందనుకుని, కరగాలని మచ్చల మీద ఇంకా గట్టిగా నొక్కాను కదే!"

"ఆవిడకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి" అంది నర్సు. "ఇప్పుడు గట్టిగా నొక్కితే లోపల రక్తం కారుతుంది, ప్రాణం మీదకొస్తుంది. మర్దనా తప్పు కాదమ్మా, మాకు చెప్పకపోవడం తప్పు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత మెల్లగా అన్నది మేం చెప్తాం."

"ఎందుకు దాచావే?" అంది అక్క.

"చెబితే నువ్వు మానేస్తావని" చెల్లెలు ఏడ్చేసింది. "అందరూ సూది గుచ్చడానికే నన్ను ముట్టుకుంటారక్కా. ఏవండీ, నింద మీ మీదకొస్తుందనుకోలేదు."

"పట్టాలు కాళ్లకు తట్టుకుని పడిపోతున్నావనుకుని అన్నీ తీసేశాను" అన్నాడాయన. అసిస్టెంటు సిగ్గుతో గుమ్మం వదిలాడు.

బేకరీ ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. "ఇక దాన్ని ముట్టుకోను."

మరిది లేచి, చెల్లెలి పక్కన కుర్చీ వేశాడు. "కూర్చోండి వదినా."

నర్సు ఆవిడ అరచేతిని తీసి చెల్లెలి చేతి మీద పెట్టింది. "ఇవాళ్టికి ఇంతే. బరువు వేయకండి."

"ఇంతేనా?"

"ఇది చాలక్కా" అని చెల్లెలు కళ్లు మూసుకుంది. అక్క చెయ్యి అలాగే ఉంచింది, నొక్కలేదు.