నల్ల కమాన్ కింద ఆగిన వాన

పిల్లలూ, మీకు తార్నాక అంటే ఏమిటి? వీడియో కాల్‌లో రాజశ్రీ పిన్ని, ఆమె వెనక కుక్కర్ విజిల్, కింద రోడ్డు మీద హారన్లు. అంతే కదా. ఆ ఊళ్లో ఒక చోటుందని, ఆ చోటుకి చెడ్డ పేరుందని మీకెవరూ చెప్పలేదు. నేనే చెప్పనివ్వలేదు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారని.

కానీ వచ్చే సెలవులకు మీరిద్దరూ నేను లేకుండా పిన్ని దగ్గర ఉండబోతున్నారు. చెప్పకుండా పంపితే నాకు నిద్ర పట్టదు.

ఇది నేను కళ్లతో చూసింది కాదు. పిన్ని చూసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఎక్కడైనా నాకు అనుమానం ఉంటే అనుమానమనే రాస్తాను.

యూనివర్సిటీ వెనక, హాస్టళ్లు దాటి మాణికేశ్వర్ నగర్ వైపు దిగే చోట పెద్ద పెద్ద బండలుంటాయి. వాటి మధ్య సీతాఫలం పొదలు. ఆ పొదల్లోంచి పైకి లేచి ఉంటుంది — నల్ల కమాన్.

కమాన్ అని పేరే గానీ ఏ నవాబూ కట్టించింది కాదు. రాయి కాదు, ఇనుము కాదు. ఎక్కడా అతుకు లేదు. నాలుగంతస్తుల ఎత్తు. మే నెల ఎండలో చెయ్యి పెట్టినా చల్లగా ఉంటుంది... బతికున్నదాని చల్లదనం కాదు.

పైకి కనిపించేది కొంచెమేనట. తార్నాకలో బోరు వేస్తే అడుగున ఆ నలుపే తగిలేది, బిట్టు అరిగిపోయేది. గోల్నాకలో పాత బావి పూడిక తీస్తే అదే. కాచిగూడలో లాడ్జికి పునాది తవ్వితే అదే. ఇంత ఊరి కింద ఏదో పడుకుని ఉంది. ఒక్క ఇక్కడ మాత్రం నోరు తెరిచింది.

కొలవడానికి పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. "ఇది ఈ భూమ్మీద తయారైంది కాదు" అన్నారు. అని, చుట్టూ రేకులు కొట్టించి వెళ్లిపోయారు. బస్తీవాళ్లు నడకదారి కోసం ఒక రేకు వంచుకున్నారు. తార్నాకకు అది దగ్గరి దారి మరి.

కమాన్ పక్క నుంచి పోవచ్చు. కిందికి మాత్రం పోకూడదు.

ఎందుకంటే కింద కాలం మనది కాదు. నడివేసవిలో అటు పోయినవాళ్లు చూసేవాళ్లు — పోయిన ఏడు గాలికి లోపలికి కొట్టిన జల్లు ఇంకా అక్కడే ఉండేది. చినుకులు గాలిలో, గాజుపూసల్లా... వేలాడుతూ. అవి ఇంకా నేలకు చేరలేదు.

ప్రవళిక మీ పిన్నితో కలిసి చదువుకున్న పిల్ల. మాణికేశ్వర్ నగర్‌లో ఉండేది. తండ్రి లేడు. తల్లి బాలలక్ష్మి హాస్టల్ మెస్సులో వంట చేసేది. ఆమెకు ఒక్కతే బిడ్డ.

ఒక వేసవి సాయంత్రం ఇద్దరూ లైబ్రరీ నుంచి ఆ దారిన వస్తున్నారు. చీకటి పడుతోంది. ఉన్నట్టుండి గాలివాన. కరెంటు పోయింది.

"ఉరుకవే, బుక్స్ తడుస్తున్నయ్!" అంది ప్రవళిక నవ్వుతూ.

అప్పుడే గాలికి ఒక రేకు ఊడింది. తళుక్కుమంటూ వీళ్ల మీదికే ఎగిరి వచ్చింది. పిన్ని ముందుకు పడింది. ప్రవళిక వెనక్కి తప్పుకుంది.

ఒక్క అడుగు. అంతే.

పిన్ని లేచి, మోచేతులు దులుపుకుని, వెనక్కి చూసింది. ప్రవళిక కమాన్ కింద ఉంది. చెయ్యి కొంచెం పైకి లేచి ఉంది. నోరు సగం తెరుచుకుని ఉంది. జడ గాల్లో ఉంది — కింద పడటం లేదు. చుట్టూ చినుకులు నిలబడి ఉన్నాయి.

"ఏయ్... జోకులు బంద్ చెయ్యవే."

ఆమె రెప్ప వెయ్యలేదు.

పిన్ని అరుపులకు బస్తీ అంతా వచ్చింది. తాడు విసిరారు. తాడు కొస కమాన్ కిందికి పోయి గాల్లోనే ఆగింది. ఇవతలి నుంచి పదిమంది లాగితే బండలో పాతేసినట్టు కదల్లేదు. చివరికి కోసేశారు. ఆ ముక్క ఇంకా ఎగురుతూనే ఉందట.

డీజే బాక్సులు నడిపే జశ్వంత్ చొక్కా చేతులు మడిచి లోపలికి దూకబోయాడు. బాలలక్ష్మి అతని కాలరు పట్టి వెనక్కి లాగింది.

"నా బిడ్డ ఒక్కతి చాలదా? మీ అవ్వకు నేనేం జవాబు చెప్పాలెరా?"

ఆ రోజు నుంచి ఆమె మెస్సులో పని కాగానే వచ్చి కమాన్ ఎదురుగా బండ మీద కూర్చునేది. పోలీసులు పొమ్మంటే పోయేది, వాళ్లు పోగానే వచ్చేది. చూస్తూ చూస్తూ ఆమె ఒకటి కనిపెట్టింది. ప్రవళిక ఆగిపోలేదు. కదులుతోంది. బోనాలప్పుడు రెప్ప వాల్చింది. దసరాకు ఎత్తింది.

ఒక్క రెప్పపాటు... అది.

ఇంకొకటి కూడా. కుడికాలి మడమ నేలను విడిచింది. అడుగు లేస్తోంది.

"వస్తున్నది," అంది బాలలక్ష్మి. "నా బిడ్డ బయటికి వస్తున్నది."

ఆ అడుగు బయట పడేసరికి ఎన్నేళ్లవుతుందో పిన్ని లెక్క కట్టింది. ఆమెకు చెప్పలేదు. కానీ బాలలక్ష్మి భయం ఏళ్ల గురించి కాదు.

"లోపట చీకటి, వాన. ఎటు బయటో, ఎటు లోపలో దానికి ఎర్క అయితదా? భయపడి అటు తిరిగి అడుగేస్తే?" అంది. "ఒక్క అడుగుకే ఇన్ని నెలలు. ఇంకొకటి లోపటికి ఏస్తే... నేను బతికుండంగ రాదు."

అందుకే పిలవాలనుకున్నారు. ఇవతల మనిషి ఉందని తెలిస్తే ఇటే వస్తుంది. కానీ మన పిలుపు ఆమె చెవిలో దోమ రెక్క చప్పుడంత కూడా ఉండదని పిన్ని చెప్పింది. మనం నోరు తెరిచి మూసే లోపు ఆమెకు ఏమీ గడవదు.

జశ్వంత్ తల గోక్కుంటూ నిలబడి, "ఆంటీ, మీ పిలుపును సాగదీస్తా," అన్నాడు.

"ఎట్ల?"

"పాటను స్లో చేస్తం కదా, గట్ల. రబ్బర్ లెక్క గుంజుతా. ఒక్క పిలుపు — ఆరు నెలలు."

"వినాయకుని నిమజ్జనానికి సౌండ్‌తోని మా కిటికీలు పగలగొట్టినోనివి, నీకు గింత తెలివున్నదా?" అంది పక్కింటి లచ్చవ్వ.

"కిటికీ పాతది అవ్వా. నన్నెందుకంటవ్?"

ఆ నెలల్లో అందరూ కలిసి నవ్వింది అప్పుడేనంది పిన్ని.

బాలలక్ష్మి మైకు ముందు నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక్క మాటే అంది — "ప్రవళికా..."

జశ్వంత్ రికార్డింగ్ ఆపేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్కసారి పిలిస్తే అది పలుకది. చీకటి పడ్డంక ఎవలు పిలిచినా మూడోసారి దాకా తిరిగి చూడొద్దని చిన్నప్పటి సంది నేనే నేర్పిన. దయ్యం రెండుసార్లకు మించి పిలువది కదా. మూడుసార్లు పిలువాలె. అప్పుడే నమ్ముతది."

మీ అమ్మమ్మ కూడా మాకు అదే నేర్పింది పిల్లలూ. తెలుగువాళ్లలో ఆ మాట వినని ఇల్లు తక్కువ.

దీపావళి పోయాక బాక్సులు పెట్టారు. బయటికి వినపడేది పేరు కాదు. ఊఁ... అని ఒక మూలుగు, నేల లోపలి నుంచి వచ్చినట్టు. బస్తీలో గిన్నెలు సన్నగా అదిరేవి. చంటిపిల్లలు మొదట ఏడ్చారు, తరవాత అలవాటుపడ్డారు. మొదటి పిలుపు అయింది. కొన్నాళ్లు ఆపారు. రెండోది. మళ్లీ ఆపారు. మూడోది రెండో ఏటి శివరాత్రి దగ్గరికి వచ్చింది.

మూడోది సగంలో ఉండగా ప్రవళిక జడ కొస కదిలింది. తరవాత మెడ.

"తిరుగుతున్నది! ఇన్నది నా బిడ్డ!"

బాలలక్ష్మి ఆ రాత్రి బండల మధ్యే పొయ్యి పెట్టి బగారా అన్నం వండి అందరికీ పెట్టింది. పిన్ని విస్తరి పట్టుకుని కమాన్ వైపు చూస్తూ తింటోంది. చూస్తూ... చూస్తూ... నమలడం ఆపేసింది.

నెల కింద ప్రవళిక రెండు కళ్లూ కనిపించేవి. ఇప్పుడు ఒక్కటే కనిపిస్తోంది. చెవి కనిపిస్తోంది. చెవి వెనక జడ మొదలు కనిపిస్తోంది.

"ఆంటీ," అంది మెల్లగా. "ఆమె మన దిక్కు తిరుగుతలేదు."

విస్తరి కింద పెట్టింది.

"లోపటి దిక్కు తిరుగుతున్నది."

బాలలక్ష్మి చేతిలోంచి గరిటె జారింది. "బంద్ చెయ్... బంద్ చెయ్‌రా!"

జశ్వంత్ ఉరికి వైరు పీకాడు. జనరేటర్ ఆపాడు. బాక్సుల మీద ఎర్ర దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

మూలుగు ఆగలేదు.

జశ్వంత్ బాక్సు మీద చెయ్యి పెట్టి చూశాడు. అదురు లేదు. ఇంకోదాని మీద పెట్టాడు. లేదు. అందరూ మెల్లగా తలలు తిప్పారు.

ఊఁ... కమాన్ లోపలి నుంచి వస్తోంది.

మన చప్పుడే లోపల తగిలి తిరిగి వస్తోందనుకున్నారు మొదట. పిన్ని కూడా అదే అనుకుంది, అదే అయితే బాగుండునని. ఆ మూలుగును జశ్వంత్ నెలల తరబడి రికార్డు చేసి, మామూలు మాట వేగానికి కుదించాడు. బాలలక్ష్మి ఇంట్లో, తలుపు వేసుకుని, చిన్న సౌండ్‌లో పెట్టాడు.

"ప్రవళికా..."

బాలలక్ష్మి గొంతే. అచ్చంగా.

"ప్రవళికా... ప్రవళికా..."

ఆ తరవాత కొంచెం గాలి. ఆ తరవాత — మళ్లీ అదే గొంతు, చాలా ప్రేమగా:

"ఇటు రా బిడ్డా. ఇటే ఉన్న."

ఆ మాట బాలలక్ష్మి మైకులో అనలేదు.

ఎవరో తప్పు చేశారని నేననను. ఆ తల్లి స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. కానీ అప్పటిదాకా ఆ కమాన్ లోపలున్నదానికి పిలవడం తెలియదు. ఎంతసేపు సాగదీసి పిలవాలో, ఎవరి గొంతు కావాలో, ఎన్నిసార్లు పిలిస్తే మన బిడ్డలు నమ్ముతారో — అన్నీ మనమే నేర్పాం.

బాలలక్ష్మి ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. ఇంట్లో కూడా. మాట్లాడితే అది వింటుందని, ఇంకో మాట నేర్చుకుంటుందని. చీకటి పడగానే పెద్ద టార్చి వెలిగించి కమాన్ ఎదురుగా నిలబడుతుంది. బిడ్డ కంటి కొసకైనా ఆ వెలుగు తగలాలని. తగిలిందో లేదో ఇంకా కొన్నేళ్లకు గానీ తెలియదు.

పిన్నీ, జశ్వంతూ వంతులవారీగా ఆమె పక్కన నిలబడతారు. అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. సైగలే.

పిల్లలూ, మీరు తార్నాకలో బాగా ఆడుకోండి. మెట్రో ఎక్కండి, మిర్చి బజ్జీ తినండి. ఆ బండల వైపు మాత్రం పోకండి. పోవలసి వస్తే ఒకరినొకరు పేరుతో పిలుచుకోకండి. ఎప్పుడైనా, ఏ చీకట్లోనైనా మీ పేరు వినిపిస్తే మూడుసార్లని లెక్క పెట్టకండి. ఆ లెక్క ఇక పనికిరాదు. నా గొంతే అయినా తిరగకండి. నేను ఇక్కడున్నాను, ఇన్ని సముద్రాల అవతల. అక్కడి చీకట్లో మిమ్మల్ని పిలిచేది నేను కాదు.

ఈ మాట మీతో ఆపకండి. మీ తరవాత ఆ దారిన నడిచే పిల్లలకు చెప్పండి. నమ్మకపోతే పోట్లాడకండి. రేకుల సందులోంచి ఒక్కసారి చూడమనండి. ప్రవళిక కాలు ఇంకా గాల్లోనే ఉంది. ఎటు దిగుతుందో ఎవరికీ తెలియదు.