అతని ఎడమ చేయి, ఆమె కుడి చేయి

1983 జూలై 17, ఆదివారం, ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలు. రాత్రి పడిన జల్లు తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి నది ఇసుకను పైపైన మాత్రమే తడిపింది. నైరుతి గాలి మెల్లగా వీస్తోంది. శేషాచలం కొండలు నడుము వరకు మబ్బులో ఉన్నాయి. నమూనా విమానం ఎగరేయడానికి అంతకంటే మంచి ఉదయం ఆ నెలలో రాలేదు. కాబట్టి కాసేపటికే ఆ విమానం ముక్కు ఇసుకలో దిగబడిందంటే, అందుకు గాలినీ వాననూ నిందించడానికి వీల్లేదు. కారణం వేరే ఉంది.

ఆ విమానం ఐదడుగుల రెక్కలున్న బాల్సా చెక్క విమానం. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరైన దొరస్వామి మేష్టారు తిరుపతిలో ఆసక్తి ఉన్నవాళ్లను చేరదీసి నడిపే సంఘానిది. సంఘానికంతటికీ ఒకే విమానం, దాన్ని రేడియోతో నడిపే ట్రాన్స్‌మిటర్ ఒకటే. ఆ ఉదయం ట్రాన్స్‌మిటర్ మెడలో వేసుకుని నిలబడిన అమ్మాయి గోదాదేవి. విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చివరి సంవత్సరం. విమానం నడపడం బెంగుళూరులో మేనమామ దగ్గర నేర్చుకుంది.

ట్రాన్స్‌మిటర్ మీద రెండు స్టిక్కులుంటాయి, ఒక్కో చేతికి ఒకటి. వాటిని కుడిఎడమలకు కదిపితే జరిగే పని అందరికీ ఒకటే. పైకీ కిందికీ కదిపితే జరిగేదానిలోనే రెండు పద్ధతులు. మోడ్ ఒకటిలో విమానం ముక్కును ఎత్తి దించేది ఎడమ చేయి, ఇంజనును నడిపేది కుడి చేయి. మోడ్ రెండులో ముక్కు కుడి చేతిది, ఇంజను ఎడమ చేతిది. ముక్కును నడిపే స్టిక్కుకు స్ప్రింగు ఉంటుంది. వదిలితే మధ్యకు వస్తుంది. ఇంజను స్టిక్కు కింద ఇత్తడి రేకు ఉంటుంది. ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. గోదాదేవిది మోడ్ రెండు.

ముందు రోజు సాయంత్రం ఒక కొత్త సభ్యుడు ఆ ట్రాన్స్‌మిటర్ పెట్టె వెనక మూత విప్పాడు. తనకు అలవాటైన మోడ్ ఒకటికి మార్చాలని లోపలి వైర్లు అటుదిటు చేశాడు. స్ప్రింగు, రేకు మార్చబోయే సమయానికి కరెంటు పోయింది. మిగతా పని పొద్దున చేయవచ్చులే అని మూత బిగించి మేష్టారి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఫలితంగా ఆ పెట్టె చూడటానికి మోడ్ రెండు, నడవడానికి మోడ్ ఒకటి.

ఇంజను వేడెక్కేవరకు సగం వేగంలో ఉంచి, విమానం చేయి విడిచాక పూర్తి వేగం ఇవ్వడం గోదాదేవి అలవాటు. అందువల్ల రెండు స్టిక్కులూ సరిగ్గా మధ్యలో ఉన్నాయి. మధ్యలో ఉన్నంతసేపు ఏ మోడైనా ఒకటే. మేష్టారు విమానాన్ని గాలిలోకి విసిరారు. గోదాదేవి ఎడమ స్టిక్కును పూర్తిగా ముందుకు తోసింది. ఆమె అడిగింది వేగం. విమానం విన్నది "ముక్కు దించు" అని.

దించింది.

"ఆపండి! ఎగరెయ్యొద్దండీ!"

గట్టు మీంచి సైకిలు తోసుకుంటూ ఒక యువకుడు పరుగెత్తుకొచ్చాడు. మోచేతుల వరకు చెయిను నూనె.

"ఎవరు మీరు?" గోదాదేవి అడిగింది.

"దేవనాథన్. చిత్తూరు. పాలిటెక్నిక్‌లో ఉద్యోగానికి కొత్తగా చేరినాను."

"చిత్తూరోళ్లు విమానం పడినాక వచ్చి ఆపమంటారా?"

"దోవలో చెయిను ఊడిపోయిందండీ. నిన్న వైర్లు మార్చింది నేనే. కరెంటు పోయింది. పొద్దున్నే వచ్చి చెప్పుదామని..."

"చీటీ రాసి అంటించేదానికి కూడా కరెంటు కావల్నా?"

దేవనాథన్‌ది ఓడిపోయి ఊరుకునే స్వభావం కాదు.

"విసిరే ముందర తోక కదిలించి సూడలేదా మీరు?"

"చూసినాను. కుడీ ఎడమా రెండూ చూసినాను."

"పైనా కిందా?"

గోదాదేవి చెవులు ఎర్రబడ్డాయి.

మేష్టారు విరిగిన రెక్కను ఇసుకలోంచి లాగుతూ అన్నారు: "సగం మార్చినోడొకడు, సగం చూసిందొకతి. బాగుండాది జత."

"జతేంది మేష్టారూ!" అన్నారిద్దరూ ఒకేసారి. దాంతో ఆయన మాటకు బలం చేకూరింది.

తీర్పు కూడా ఆయనే చెప్పారు. ఆగస్టు ఏడున బెంగుళూరు నుంచి పరిశీలకుడు వస్తాడు. సెప్టెంబరులో అక్కడ జరిగే పోటీకి ఈ సంఘం నుంచి ఒకే ఒక్కరిని ఎంపిక చేస్తాడు. అప్పటికల్లా ఇద్దరూ కలిసి విమానం బాగుచేయాలి, ఇద్దరూ పోటీపడాలి.

ఆ ఎంపిక గోదాదేవికి సరదా విషయం కాదు. ఆమె తండ్రి ముకుందం దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. మాట ఇవ్వడానికి వెనుకాడేవాడు, ఇచ్చాక తప్పేవాడు కాదు. "నువ్వు ఎంపికైతే ఇది ఆట కాదని ఒప్పుకుంటాను, బెంగుళూరులో పరిశోధనకు పంపుతాను. కాకపోతే ఇసుకలో తిరగడం చాలించి బడిలో పాఠాలు చెప్పుకో" అని ఉగాదినాడే చెప్పి ఉన్నాడు.

మరమ్మతు ముకుందం ఇంటి వసారాలో సాగింది. రోజూ సాయంత్రం దేవనాథన్ సైకిలు వచ్చి అరుగుకు ఆనేది. బాల్సా ముక్కలు కోయడం అతని పని, జిగురు పెట్టి కాగితం అంటించడం ఆమె పని, ఒకరి పనిలో తప్పులెంచడం ఇద్దరి పనీ.

"ఏమప్పా," అన్నాడు ముకుందం ఒకనాడు ముక్కు మూసుకుని, "మీ జిగురు కంపుకు మా ఇంటి చక్కెర పొంగలి వాసన కూడా చచ్చిపోయిందే."

"విమానం బాగై ఎగరేసే సాధకం మొదలుపెట్టేస్తే ఇంక ఇంటికి రానులే సార్."

"రావద్దని ఎవరన్నారు?" అంది లోపలి నుంచి గోదాదేవి తల్లి అమృతవల్లి. "పొంగలి పెడతా ఉండాను, తిని పో."

విమానం కుదిరింది. సాధకం మొదలైంది. ఒక ఉదయం ఆమె వంతు, మరుసటి ఉదయం అతని వంతు. అంటే రోజూ సాయంత్రం పెట్టె వెనక మూత విప్పి మోడ్ మార్చాలి: రెండు ప్లగ్గులు అటుదిటు, ఇత్తడి రేకు ఆ పక్క నుంచి ఈ పక్కకు, స్ప్రింగు ఈ పక్క నుంచి ఆ పక్కకు. అందులో స్ప్రింగే మొండిది. ఒకరు చిన్న మీటను నొక్కిపట్టాలి, ఇంకొకరు పట్టకారుతో కొక్కెం తగిలించాలి. ఆ సమయంలో రెండు తలల మధ్య దూరం జానెడు కంటే తక్కువ. పని అంతసేపు పట్టనక్కరలేదని ఇద్దరికీ తెలుసు. తొందరపడమని ఎవరూ అనలేదు.

"ముక్కూ రెక్కా రెండూ ఒకే చేతిలో పెట్టుకుంటారు మీరు," అన్నాడు దేవనాథన్. "దురాశ కాదా?"

"రెండూ కలిసి తిరగాల్సినవే కదా. ఒకే చేతిలో ఉంటే పొందిక. మీ మాదిరి రెండు చేతులకు పంచితే, ఒకటి చేసేది ఇంకోటికి తెలిసేదెట్ల?"

"తెలిసిపోతాదండీ. రెండూ ఒకే మనిషివి."

"మాటలు బాగా నేర్పినారు చిత్తూరులో."

"ఇది చిత్తూరులో నేర్చింది కాదు. ఈడికొచ్చినాకే."

పట్టకారు జారింది. స్ప్రింగు మళ్లీ మొదటి నుంచి తగిలించాల్సి వచ్చింది.

ఆగస్టు ఏడున పరిశీలకుడు గోవిందస్వామి వచ్చారు. చీటీలు వేస్తే మొదటి వంతు దేవనాథన్‌కు వచ్చింది; పెట్టె మోడ్ ఒకటిలో ఉంది. అతను ఎగరేసిన తీరుకు వంక పెట్టడానికి లేదు. మలుపులు నున్నగా సాగాయి, పల్టీ గుండ్రంగా వచ్చింది, విమానం ఇసుకమీద పక్షిలా వాలింది.

అంతలో గాలి తిరిగింది. కొండలు కనిపించడం మానేశాయి.

గోవిందస్వామి ఆకాశం వైపు చూసి స్పష్టంగా చెప్పారు: "వాన పడితే ఆగడానికి లేదు. సాయంత్రం బండికి పోవాలి. ఆ లోపల చూసినంతే లెక్క."

అందులోని అర్థం ఇసుకమీద నిలబడ్డ అందరికీ తెలిసింది. వాన ముందొస్తే ఎంపికయ్యేది దేవనాథన్. ఏమీ చేయకుండా నిలబడితే చాలు, అతను గెలిచినట్టే.

అతను నిలబడలేదు. ఇసుకలో చతికిలబడి పెట్టె వెనక మూత విప్పుతున్నాడు.

"ఏం చేస్తా ఉండారు?"

"మోడ్ రెండు."

"వాన వస్తే పోయేది మీరు కదా. మెల్లగా చేసినా ఎవరూ ఏమీ అనరు."

అతను తల ఎత్తలేదు. "వానను అడ్డం పెట్టుకోని గెలిచేదానికి రాలేదండీ నేను. గమ్మున ఆ పట్టకారు ఇయ్యండి. బిర్నా, వాన వచ్చేస్తాది!"

ఆమె మోకాళ్లమీద కూర్చుంది. ప్లగ్గులు మారాయి. రేకు మారింది. స్ప్రింగు ఒక కొక్కెం ఊడింది, రెండో కొక్కెం పట్టేసింది. దేవనాథన్ కొంచెం గట్టిగా లాగాడు. సన్నటి టింగుమనే చప్పుడు. స్ప్రింగు గాలిలోకి లేచింది. పడింది ఎక్కడో స్వర్ణముఖికి తప్ప ఎవరికీ తెలియదు.

అతని ముఖం పాలిపోయింది. "మళ్లీ నేనే చెడగొట్టినాను."

"మీట నొక్కిపట్టుకుంది నేను. సగం నాది." ఆమె అప్పటికే పనిముట్ల సంచిలో వెతుకుతోంది. రెక్కను విమానానికి కట్టే రబ్బరు బ్యాండ్లు దొరికాయి. ఒకటి కుడి స్టిక్కు నుంచి పైనున్న పిడికి, ఇంకొకటి కింది మరకు తగిలించింది. స్టిక్కును కదిపి వదిలింది. అది తటపటాయించి, దాదాపు మధ్యకు వచ్చి నిలిచింది.

"దాదాపు చాలదండీ," అన్నాడు అతను భయంగా.

"చాలకుంటే మిగతాది నా వేలు చూసుకుంటాది. మూత బిగించండి."

తోకను పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ కదిపి చూసింది. మేష్టారు విసిరారు. ఎడమ చేయి ముందుకు వెళ్లింది. ఇంజను గొంతు విప్పింది. విమానం లేచింది!

మొదటి మలుపులోనే రబ్బరు తన బుద్ధి చూపించింది. ముక్కు అడగని ఎత్తుకు లేవబోయింది. గోదాదేవి బొటనవేలితో అణిచింది. రెండో మలుపుకు ఆ రబ్బరు ఎంత లాగుతుందో వేలికి అర్థమైంది. మూడో మలుపులో మొదటి చినుకు పెట్టెమీద పడింది.

పెట్టె తడిస్తే రేడియో ఆగిపోతుంది. రేడియో ఆగితే విమానం పోతుంది. కూతురు ఎగరేయడం చూడటానికి వచ్చిన ముకుందం గట్టుమీద ఆఫీసు గొడుగు తెరుస్తున్నాడు. దేవనాథన్ ఒక్క ఉరుకున పోయి "సార్, గొడుగు!" అని లాక్కొచ్చి పెట్టెమీద పట్టాడు.

"వెనక్కి జరపండి! ఆకాశం అగపడలే!"

"పెట్టె తడుస్తాదండీ!"

"విమానం యాడుందో తెలీకుంటే పెట్టెతో ఏం పని? మీరు చూసి చెప్పండి!"

"కొబ్బరిచెట్ల మీదుగా వస్తా ఉండాది... ఎడమకు... ఇంకా... ఆఁ, ఇప్పుడు తిప్పండి!"

తిప్పింది. పల్టీ కొట్టించింది. గొడుగు అంచు కింద నుంచి చూస్తే వాన తీగల మధ్య ఎర్రటి రెక్కలు గుండ్రంగా తిరిగి సమానమయ్యాయి. అతను నిలువెల్లా తడిసిపోయాడు. ఆమె చేతుల మీద ఒక్క చుక్క పడలేదు. ఇంజను తగ్గింది. రబ్బరు లాగుతోంది, వేలు అణుస్తోంది. విమానం ఊగింది, నిలదొక్కుకుంది, తడి ఇసుకమీద పొట్ట ఆనించి ఆగింది.

"దిగింది!" అని అరిచింది తానే, ఎవరికో వార్త చెప్పినట్టు.

గోవిందస్వామి తల తుడుచుకుంటూ వచ్చారు. "అబ్బాయి మలుపులే నున్నగా ఉన్నాయి. అయితే అతనికి గాలి, పెట్టె రెండూ అనుకూలించాయి. ఈ అమ్మాయికి రెండూ ఎదురు తిరిగినా విమానం మాట విన్నది. పోటీకి గోదాదేవి. విసరడానికి ఒక సహాయకుణ్ని తెచ్చుకోవచ్చు."

గోదాదేవి దేవనాథన్ వైపు చూసింది. అతను ఓడినవాడిలా లేడు. పండ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

"నాయనా, మాట ఇచ్చినారు," అంది ఆమె.

"ఇచ్చినాను. పరిశోధనకు పంపుతాను," అన్నాడు ముకుందం. "పరాయి అబ్బాయిని తోడిచ్చి పోటీకి పంపుతానని మాత్రం చెప్పలే."

"పరాయోణ్ని కాకుండా పోవాలంటే ఏం చెయ్యాల సార్?"

మేష్టారు అవసరం లేకుండా దగ్గారు.

"ముందు నా గొడుగు నాకియ్యాల," అన్నాడు ముకుందం.

"ఆ తరువాత?"

"తరువాత మీ నాయన్ని మా ఇంటికి రమ్మని చెప్పాల."

"ఆగండి," అంది గోదాదేవి. "అన్నిటికంటే ముందర నన్నడగాల."

దేవనాథన్ ఆమె వైపు తిరిగాడు. గొడుగు ఇంకా పెట్టెమీదే ఉంది. "నాకు ఎడమ చేయి అలవాటు, మీకు కుడి చేయి. ఎవురో ఒకరు విప్పి మార్చాల్సిందే ఎప్పటికీ. ఆ పని బతికినన్నాళ్లూ నేను చేస్తాను. సరేనా?"

"సరి కాదు," అంది ఆమె. అతని ముఖం వాడకముందే, "మీరొక్కరే ఎందుకు? ఒకరోజు మీరు, ఒకరోజు నేను," అని ముగించింది.

ముకుందం తన గొడుగు తాను తీసుకోలేదు. మేష్టారి తుండుగుడ్డ నెత్తిన వేసుకుని, "పొంగలి చల్లారిపోతాది, పదండప్పా" అని గట్టు వైపు నడిచాడు.

ఆ సెప్టెంబరులో బెంగుళూరులో గోదాదేవికి నాలుగో స్థానం వచ్చింది. పెళ్లి మరుసటి ఫిబ్రవరిలో తిరుచానూరులో జరిగింది. బెంగుళూరులో పరిశోధన ముగిశాక, 1990లో ఆమెకు సూళ్లూరుపేట దగ్గరి రాకెట్ కేంద్రంలో ఉద్యోగం రావడంతో ఇద్దరూ అక్కడికి మారారు.