సగం పిట్టలు ఇటు తోలు

నర్సింహ వడిసెల తిప్పి వదిలిన రాయి చిలకకు తగల్లేదు. గట్టు దాటిపోయి, పక్క చేలో మంచె మీద కూర్చున్న బాలమణి అంబలి ముంతకు తగిలింది. ముంత పగిలి అంబలంతా ఆమె ఒళ్లో పడింది.

"ఓ బావా! నీ కంటికి నేను పిట్ట లెక్క కనిపిస్తున్ననా?"

"నేను పిట్టనే కొట్టిన. నువ్వే అడ్డమొచ్చినవ్!"

"మంచె మీద కూసున్నదాన్ని, రాయికి ఎదురు పోయిన్నా?"

పాన్‌గల్ చుట్టుపక్కల జొన్న కంకుల్లో పాలు పడుతున్న రోజులవి. ఎక్కడో జర్మనీవాళ్ల యుద్ధం జరుగుతోందని కొత్తకోట సంతలో చెప్పుకునేవారు. మన నర్సింహ యుద్ధం మాత్రం పిట్టలతోనే.

కారణం లేకపోలేదు. బాలమణి తండ్రి చెన్నయ్యకు ఓ పట్టింపు ఉంది. పిల్లనడిగినవాడి ఇల్లూ వాకిలీ చూడడు. మొహం అసలే చూడడు. "కంకి గట్టిపడ్డంక వస్త. చేను మంచిగుంటే పిల్లనిస్త" అని, కొడుక్కి పిల్లనడిగిన నర్సింహ తల్లి జోగులమ్మకు కబురు పెట్టాడు.

అంతే, ఒక్క గింజ కూడా పిట్ట నోట పడకూడదని నర్సింహ పంతం పట్టాడు. ఎర్ర రుమాలు చుట్టుకుని పొద్దుగూకేదాకా వడిసెల తిప్పాడు. అదీ చాలక, పిట్టలు వాలుతున్నాయని తన గట్టు మీది తుమ్మ చెట్లన్నీ నరికేశాడు. చిలకలు, గోరింకలు, పిచ్చుకలు అన్నీ బాలమణి చేలోకి కాపురం మార్చాయి.

"నా చేన్ల ఒక్క పిట్ట లేదు. మీ నాయనకు చెప్పు!" అని మీసం తిప్పాడు.

"చెప్త. చెట్టు గూడ లేదు, తెలివి గూడ లేదని చెప్త."

ఆ మాటకు కోపం రావాలి. కానీ ఆమె నవ్వింది. నర్సింహ రాయి పెట్టడం మరిచిపోయి ఉత్త వడిసెల తిప్పాడు.

కొన్నాళ్లకే కంకుల్లో పచ్చ పురుగులు కనిపించాయి. ఒక్క కంకి దులిపితే దోసిలి నిండింది. జోగులమ్మ బూడిద చల్లింది, దిష్టి కూడా తీసింది. పురుగులు ఇంకా బలిశాయి. వాటికి తోడు పిలవని చుట్టాల్లా మిడతలు దిగాయి.

పక్క చేలో అక్కడక్కడ గింజలు పోయినా కంకులు నిండుగా ఊగుతున్నాయి. గోరింకలు మొక్క మొక్కకూ దిగి పురుగులు ఏరుకు తింటున్నాయి. అది చూసి నర్సింహకు ముందు కడుపు మండింది, తర్వాత భయమేసింది. చెన్నయ్య వచ్చే రోజు దగ్గర పడుతోంది. ఈ చేను చూస్తే పిల్లనిస్తాడా?

గట్టు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"బాలమణీ, జర సగం పిట్టల్ని ఇటు తోలు."

బాలమణి మంచె మీంచి పడబోయి ఆగింది. "ఏందీ? మల్ల చెప్పు!"

"సగమే. పనైనంక మల్ల ఇచ్చేస్త."

"తోలనీకి అవేమన్న మేకలా బావా? గింజ తింటయని కొట్టినవ్, పురుగును తినేది చూడలే. నాలుగు గింజలు పోతే పోనీ, అది వాటి కూలి అని నేను ఊకుంట."

"గిప్పుడేం జెయ్యాలె?"

"వాలనీకి కొమ్మలు నాటు. ఆ ఎర్ర రుమాలు దాచిపెట్టు. వడిసెల నాకియ్యి, నా ముంతలన్న బతుకుతయి."

నర్సింహ అన్నీ చేశాడు. పిట్టలు వచ్చి కొమ్మల మీద వాలాయి కూడా. కానీ పురుగులు ఏరడానికి అతను చేలోకి అడుగు పెట్టగానే అన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. రుమాలు లేకున్నా మనిషిని గుర్తుపట్టేశాయి.

"నన్ను చూస్తే ఉరుకుతున్నయి. నిన్ను చూస్తే ఉరుకవు" అన్నాడు దీనంగా.

బాలమణి అతణ్ని ఎగాదిగా చూసింది. ఆ చూపు నర్సింహకు చాలా నచ్చింది. ఆ తర్వాత చెప్పిన మాటే నచ్చలేదు.

"నా చీర కట్టుకో."

మర్నాడు పొద్దున్నే నర్సింహ ఆకుపచ్చ గద్వాల నూలు చీర కట్టి, కొంగు నెత్తిన కప్పుకుని పురుగులు ఏరుతున్నాడు. గోరింకలు పక్కనే దిగి మేస్తున్నాయి. ఒకటి వచ్చి భుజం మీద వాలింది. నర్సింహకు సంతోషంతో ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే చెన్నయ్య గట్టెక్కాడు.

"ఏమమ్మా, నర్సింహ ఏడున్నడు?"

నర్సింహ వెనక్కి తిరక్కుండా గొంతు సన్నం చేశాడు. "తెల్వదయ్యా."

"ఆ చీర నా బిడ్డది గదా! ఎవలమ్మా నువ్వు?"

కొంగు జారింది. మీసం బయటపడింది. "ఇదేందిరా!" అని చెన్నయ్య కేకేశాడు.

"నాయనా, నేనే కట్టమన్న!" అంటూ బాలమణి మంచె దిగి పరుగెత్తుకొచ్చింది.

నర్సింహకు ఇక దాచేదేమీ మిగల్లేదు. "మామా, చెట్లు నరికింది నేనే, పిట్టల్ని తోలింది నేనే. చేను సగం పురుగుల పాలైంది. పిల్లనియ్యకుంటే ఇయ్యకు. గొంతు మాత్రం జర తగ్గించు, ఇప్పుడిప్పుడే వస్తున్నయి."

చెన్నయ్య కంకుల్ని చూశాడు. కొమ్మల మీది గోరింకల్ని చూశాడు. జీవితంలో మొదటిసారి, పిల్లనడిగినవాడి మొహం కూడా చూశాడు.

"ఖరాబైన చేన్లు మస్తు చూసిన. చేను కోసం చీర కట్టినోన్ని ఇయ్యాలనే చూసిన" అన్నాడు గొంతు తగ్గించి. "పిల్లనిస్త. కాని గట్టు మీద మల్ల తుమ్మలు పెట్టాలె. అవి పెరిగినంకనే పెండ్లి."

నర్సింహ మొహం వాడిపోయింది. తుమ్మ పెరగడమంటే ఏళ్ల మాట.

"మొలిస్తే చాలని చెప్పు నాయనా!" అంది బాలమణి ఆత్రంగా.

అనేశాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. సిగ్గుతో మొహం కప్పుకోవాలని చేతికందిన కొంగు లాక్కుంది. అది నర్సింహ కట్టుకున్న చీర కొంగు.