మూడో నెల దాకా

కోడల్ని ఇద్దరు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మొహం కందిపోయి, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేలా ఉంది ఒళ్ళు. లాండ్రీలో ఇస్త్రీ గదికి రేకుల కప్పు, గోడ అవతలే బాయిలరు. ఆ రోజు ఎండ కూడా కక్ష కట్టింది. దుప్పటి ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆ పిల్ల అలాగే బల్ల మీదికి ఒరిగిపోయిందట...

వెనకాలే అత్తగారు వచ్చింది. ఆ గదికి ఆవిడే పెద్ద. పన్నెండుమంది ఆడవాళ్ళు ఆవిడ కనుసన్నల్లో పనిచేస్తారు, అందరికీ ఆవిడ పెద్దమ్మే. తడిగుడ్డతో కోడలి మెడ తుడుస్తూ, "ఏం లేదు, పొద్దున్న సరిగ్గా తినలేదు" అని తెచ్చినవాళ్ళని పంపేసింది. పచ్చి అబద్ధం! ఆ పిల్లకి నెల తప్పి రెండు వారాలైంది. ఆ సంగతి ఆవిడకీ, కొడుక్కీ, కోడలికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదు, దిష్టి తగులుతుంది. ఇంట్లోనూ ఇస్త్రీ గదిలోనూ ఆవిడ శాసనం అది. అలాగని రాతి గుండె మనిషి కాదు. మూడో నెల నిండిందని చెప్పగానే ఆవిడే స్వయంగా కుర్చీ తెచ్చి ఫ్యాను కింద వేసి, ఇస్త్రీ మాన్పించి మడతల పనికి మార్చేది. యజమానితో పోట్లాడి మరీ సాధించిన కుర్చీ అది. ఆ చల్లటి మూలలో కూర్చుని మిగతా ఆరు నెలలూ గడుపుకున్న తల్లులు ఆవిడని ఇప్పటికీ చేతులెత్తి తలుచుకుంటారు.

చంకకర్ర చప్పుడు వినిపించింది. ఆవిడ కూతురు వచ్చేసింది. పుట్టుకతోనే వెన్నులో లోపం, రెండు ఆపరేషన్లు, ముప్ఫై రెండేళ్ళ వయసు. అదే లాండ్రీలో చేత్తో తిప్పే మిషను మీద చిరిగిన దుప్పట్లు కుడుతుంది. ఆమె కుట్టాక చిరుగెక్కడుందో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నోరు మాత్రం పదును. ఇంట్లో అందరూ ఆమెని హెడ్మాస్టరు అంటారు, ఎదురుగా కాదులెండి.

"మరదలికి ఎన్నో నెల?" అంది వస్తూనే.

"నెలేమిటే, ఎండ దెబ్బ..."

"అమ్మా, వారం నుంచీ ఇది కాఫీ వాసనకే దొడ్లోకి పరిగెడుతోంది. నాకు కాళ్ళే సరిగ్గా లేవు, కళ్ళు బాగానే ఉన్నాయి."

"రెండో నెల వదినా..." అంది కోడలు, ఇక దాచలేక.

హెడ్మాస్టరు గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "ఊరందరికీ చెప్పకపోతే సరే. నాక్కూడా చెప్పలేదే... నా కళ్ళు పడితే బిడ్డకి మంచిది కాదనుకున్నారా అమ్మా?"

తల్లి తడిగుడ్డ పక్కన పడేసి కూతురి చెయ్యి పట్టుకుంది. "అంత మాటనకు తల్లీ... నువ్వు నా కడుపులో పడ్డప్పుడు సంతోషం పట్టలేక రెండో నెలలోనే పక్కింటావిడకి చెప్పేశాను. తర్వాత నువ్విలా పుట్టావు. నా నోటి వల్లే నీకిలా అయిందని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. అందుకే ఇంకెవర్నీ నోరు విప్పనివ్వలేదు."

కూతురు కర్ర గోడకి ఆనించి తల్లి పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"అప్పుడు నువ్వెక్కడ పనిచేసేదానివి?"

"ఎక్కడేమిటి, ఈ ఇస్త్రీ గదిలోనే. ఆ ఏడు ఎండలు కూడా ఇలాగే..." అంటూ ఆవిడ సగంలో ఆగిపోయింది.

కూతురు కర్ర అందుకుంది. "లేవండి, డాక్టరు దగ్గరికి పోదాం" అంది.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "బిడ్డ వెన్నూ, గుండే తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనే. అప్పుడు తల్లి ఒళ్ళు మరీ వేడెక్కితే బిడ్డకి లోపం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందరికీ వస్తుందని కాదు. ఈ మాత్రలు వేసుకో, ఆ గదిలోకి మాత్రం అడుగు పెట్టకు. ఐదో నెలలో స్కానింగు చూద్దాం."

"మరి మా అమ్మాయికి..." తల్లి కూతురి కర్ర వైపు చూసింది.

"ఇన్నేళ్ళ తర్వాత, ఫలానా దానివల్లే అని ఎవరూ చెప్పలేరమ్మా. నలుగురికీ చెప్పినందువల్ల మాత్రం ఏ బిడ్డ వెన్నూ దెబ్బతినదు."

వరండాలో బెంచీ మీద ఆవిడ కుప్పకూలినట్టు కూర్చుంది. ఎంతమంది చేత నోరు మూయించింది! పదేపదే, సరిగ్గా ఆ రెండు నెలలే వాళ్ళని ఆవిరిలో నిలబెట్టింది... దయతో వేసిన కుర్చీ ప్రతిసారీ ఆలస్యంగానే వేసింది. "నన్ను క్షమించగలవా తల్లీ?" అని కూతురి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

కూతురు ఆవిడ జుట్టు సవరించింది. "కారణం తెలిసినా తెలియకపోయినా నేను నడిచేది ఈ కర్రతోనే. నీకెవరూ చెప్పలేదు, నీకు తెలియదు. రేపట్నించి తెలియదనడానికి వీల్లేదు. గదిలో ఇంకా పదకొండుమంది ఉన్నారు, వాళ్ళ సంగతి చూడు."

తన కష్టానికి ఒక్క కన్నీటిబొట్టు అడగని ఆ పిల్లని చూస్తుంటే, ఈమెని కన్నది నేనేనా అనిపించింది తల్లికి.

మర్నాడు పొద్దున్న బాయిలరు వెలిగించకముందే ఆవిడ అందర్నీ పిలిచి నిలబెట్టింది. పక్కన కూతురు నిలబడింది.

"మా కోడలికి రెండో నెల" అంది ఆవిడ. ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పెద్దమ్మ నోట ఈ మాటా? "మూడో నెల దాకా చెప్పొద్దని మీ అందరికీ నేర్పింది నేనే. తప్పు నాది. ఆ రెండు నెలలే ఈ వేడి బిడ్డకి చేటట. అనుమానం వచ్చిన రోజే నాకు చెప్పండి. చెప్పడానికి మొహమాటమైతే, ఒంట్లో బాగాలేదనండి చాలు. ఎందుకని అడగను. యజమాని అడిగితే నేను మాట్లాడతాను."

చివరి బల్ల దగ్గర, మొన్నమొన్ననే పనిలో చేరిన అమ్మాయి ఇస్త్రీ పెట్టె దించి, తడబడుతూ ముందుకొచ్చింది.

"పెద్దమ్మా... నాకూ..."

ఆవిడ గబగబా వెళ్ళి ఆ అమ్మాయిని దగ్గరకు తీసుకుంది, తర్వాత చివరి బల్ల దగ్గరికి పోయి పెట్టె తనే అందుకుంది. అరవయ్యో పడిలో పడిన చేతులు దుప్పటి పరిచాయి.

"ముట్టయి ఎన్నాళ్ళయింది?" అని కూతురు ఆ అమ్మాయిని గదంతా వినిపించేలా అడిగింది.

ఆ అమ్మాయి ఒక్కసారి తలుపు వైపు చూసింది. తర్వాత తలెత్తి, గదంతా వినిపించేలాగే చెప్పింది.

"ముప్ఫై ఎనిమిది రోజులక్కా."