జకార్డు అట్టల్లో మాయాయంత్రం

బెంగళూరు, 1984. చీఫ్ సంజీవప్ప ఓ చీప్ సిగరెట్టు వెలిగించి ఫైలు ముందుకు తోశాడు.

"హమీద్, మన ల్యాబ్‌లో ప్రోగ్రాం కాపీ ఒకటి పోయింది. కంప్యూటర్ లోపల నడిచే ఇంకో ఊహా కంప్యూటర్ అది. పాస్కల్, ఫోర్‌ట్రాన్, కోబాల్, దేంట్లో రాసినా ఒకే నడిమి కోడ్‌గా మార్చి ఏ మెషిన్ మీదైనా ఆడిస్తుంది. ఏడేళ్ల కష్టం. దేశం దాటితే రేపట్నుంచి వాళ్ల క్షిపణులు మన బుర్రతో ఎగురుతాయి."

"ఇప్పుడు యాడుండాది సార్?"

"ధర్మవరంలో. మగ్గం మీద డిజైను నేయించే జకార్డు అట్టల మీద బెజ్జాలుగా కొట్టించారు. చీర డిజైనంటే కస్టమ్స్ వాళ్లు వదిలేస్తారని. తీసుకుపోయేది మిస్ లోలా."

లోలా డబుల్ ఏజెంటు. ఇటు మన జీతం, అటు వాళ్ల సెంటు. పైకి లలన, లోపల లొసుగు.

ఆఫీసు హమీద్‌కి పెన్ను కెమెరా ఇచ్చింది. దాంతో రాయలేం, ఫోటో తీయలేం. వాచీ ట్రాన్స్‌మిటర్ కూడా ఇచ్చింది. అది టైమైనా చెప్పదు.

పట్టుచీరల ఏజెంటు వేషంలో హమీద్ ధర్మవరం చేరేసరికి, అట్టల్ని వరసగా దారంతో కుట్టే కుళ్ళాయమ్మ గడపలో కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ అట్టల పెట్టె యాడ?"

"ఇప్పుడే ఆయమ్మ హిందూపురం రైలెక్కిపాయె. ఏమప్పా, ఎవురబ్బా ఆ డిజైను గీసిండేది? యినుపో, నేనేం చేసినానంటే..."

వినే ఓపిక గూఢచారులకెక్కడిది? హమీద్ జీపెక్కేశాడు. పెనుకొండ దగ్గర ఇంజను ఉడికి ఆగింది. వాచీలో సాయం అడిగితే వ్యవసాయ కార్యక్రమం వినిపించింది. చెనిక్కాయల లారీ ఎక్కి హిందూపురం చేరి, స్టేషన్ వెనక గోడౌన్‌లోకి దూరాడు.

అప్పటికే కొనడానికొచ్చిన విదేశీయుడు ముల్లర్ అట్టల్ని మెషిన్‌కి తినిపిస్తున్నాడు. పక్కన లోలా. హమీద్ పిస్తోలు తీశాడు. అది పేలలేదు. మెషిన్ మాత్రం కీచుమని ఆగింది. తెరమీద ఒకే మాట: "తెలియని కోడ్."

"అన్ని భాషలూ వచ్చన్నావ్," అన్నాడు ముల్లర్. "అసలుది ఇంకెవరికి అమ్మావ్?"

"మెషిన్‌కి తినిపించింది నువ్వు. నన్నంటావా?" అంది లోలా.

ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. హమీద్ సాంపిల్ చీర విప్పి ఇద్దర్నీ కలిపి కట్టేశాడు.

మర్నాడు కుళ్ళాయమ్మ దగ్గరికెళ్లి, ఈసారి పూర్తిగా విన్నాడు.

"జానెడు నేసి చూడకుండా మా ఇంట్లోంచి అట్టలు బయటికి పంపమప్పా. నేస్తే పువ్వూ లేదు, పిట్టా లేదు. నాకే సిగ్గయితాది గదా? తప్పు బెజ్జాలకు కాగితం అంటించి, కొత్తవి కొట్టి, అన్నపక్షిని తెచ్చి పంపిస్తి."

ఈ విజయమంతా పెన్ను కెమెరాదేనని చీఫ్ ఢిల్లీకి రిపోర్టు రాశాడు. వేరే పెన్నుతో.