వెనక దీపం

పిక్కిలి దగ్గరి మా అమ్మవారి గుడిని సర్కారు రక్షిత కట్టడం చేసింది. అది మొదట బసది, అంటే జైనుల గుడియట, అమ్మ తరవాత వచ్చిందట. బోర్డులో అలా రాశారు. విగ్రహాన్ని ధర్మపురి మ్యూజియానికి తరలించారు. పూజలు బంద్. కాపలాకు నన్ను పెట్టుకున్నారు. తరతరాలుగా అక్కడ దీపం పెట్టిన ఇంటి కోడలికి, ఎవరూ దీపం పెట్టకుండా చూసే ఉద్యోగం! నవ్వొచ్చింది. కానీ కూతురు కవిప్రియను చదివించడానికి నాకున్నది ఆ జీతమే.

మా అత్త పాపక్క గొడవ చేయలేదు. విగ్రహం కదలకముందే అమ్మను కలశంలోకి పిలుచుకుని ఇంటికి తెచ్చుకుంది. మా ఆచారం అది. ఇక ఖాళీ గుడే కదా అని నేనూ నిశ్చింతగా ఉన్నాను.

ఆ సాయంత్రం గేటు మూయబోతుంటే అత్త రొప్పుకుంటూ వచ్చింది. కొంగు చాటున మట్టి ప్రమిద.

"అమ్మ ఇంట్లో ఉండాది గదత్తా. ఇదెవరికి?"

"అమ్మ ముందర ఒగటి, వెనకాల ఒగటి పెడతా ఉంటిమి. వెనకది అమ్మకు కాదే."

"మరి?"

"ఎవురికో మా అత్త చెప్పలేదు. బసది కట్టినోళ్ళు గూడా పెట్టినారంట. ఇన్నాళ్ళూ అమ్మ అడ్డంగా కూచోనుండె. ఇప్పుడు..."

నాకు ఒళ్ళు మండింది. "మసి కనిపిస్తే నా ఉద్యోగం పోతాది. ఇంటికి పో అత్తా."

ప్రమిదతోనే వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె ముఖం చూసి నా మనసు చివుక్కుమంది.

లోపల ఎవరైనా ఉన్నారేమోనని టార్చితో గర్భగుడి దాకా వెళ్ళాను. గబ్బిలాల కంపు, తడి రాతి వాసన. రోజూ కిచకిచలాడే గబ్బిలాలు ఆ పూట చప్పుడు చేయడం లేదు. విగ్రహం ఉన్న చోటు వెనక, చీకట్లో... రాతి మీద ఏదో ఈడుస్తున్న శబ్దం. సర్ర్... ఆగింది. మళ్ళీ సర్ర్...

టార్చి అటు తిప్పాను. ఎవరూ లేరు.

పరుగున బయటికొచ్చి తాళం వేశాను. దారి పొడుగునా ఆ శబ్దం నా వెనకే... ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ఇంట్లో కలశం ముందు దీపం వెలుగుతోంది. పక్కనే కవిప్రియ పాఠం రాసుకుంటోంది. హమ్మయ్య అనుకుని తలుపు మూయబోయాను.

అత్త నన్ను చూడటం లేదు. నా భుజం పక్కనుంచి, గడప వైపు చూస్తోంది. మెల్లగా పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"మూయొద్దు, ఉషా" అంది గుసగుసగా.

"ఎందుకత్తా?"

"ఇంకా... లోపలికి వస్తానే ఉండాది."